చెరువు కట్ట కింద ఊట వస్తోంది, మరవ మీద బస్తాలు వేసి నీళ్లు ఎక్కువ పట్టవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విషయం క్లుప్తంగా ఇదీ. మీది చిత్తూరు వైపు ఊరు. చెరువు కట్ట పొడవు 900 మీటర్లు, ఎత్తు 22 అడుగులు. నిండితే 60 ఎకరాల మేర నీళ్లు నిలుస్తాయి. కింద ఆయకట్టు 140 ఎకరాలు. నాలుగేళ్ల కింద పూడిక తీశారు. ఆ మరుసటి ఏడు నుంచి కట్ట కింది పొలంలో ఊట మొదలైంది, ఈసారి బాగా ఎక్కువైంది. చెరువు ముప్పాతిక వంతు నిండింది, నవంబరు వానలు ఇంకా ముందున్నాయి. తూము మూసినా కాలువలో నీళ్లు పారుతూనే ఉన్నాయి, అయినా చివరి పొలాలకు తడి అందడం లేదు. అందుకని ఊళ్లో కొందరు మరవ మీద, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోట, ఇసుక బస్తాలు పేర్చి రెండడుగులు ఎక్కువ పట్టుకుందామంటున్నారు. ఊట సంగతి ఎత్తితే "అది ఎప్పుడూ ఉండేదే" అంటున్నారు.

ముందు సమాధానం చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

బస్తాలు వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఈ రోజే తీయించండి. ఊట నీరు తేటగా వస్తోందా, మట్టిని మోసుకొస్తోందా అన్నది రేపు పొద్దున్నే వెళ్లి చూడండి. ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో చెప్పేది అదే. చివరి రైతుకు కావలసిన నీళ్లు మరవ దగ్గర లేవు, మీ తూములోంచి రాత్రీ పగలూ కారిపోతున్నాయి. తూము బాగుచేసుకుంటే కట్టా భద్రంగా ఉంటుంది, చివరి మడీ తడుస్తుంది. రెండూ ఒకే పని.

నేను చిన్న నీటి వనరుల విభాగంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజినీరు) రిటైరయ్యాను. కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల చెరువు కట్టల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. గండ్లు పడిన చెరువులు చూశాను, పడబోయి ఆగినవీ చూశాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మరవ సంగతి

కొన్ని ఊళ్లలో అలుగు అంటారు, కొన్ని చోట్ల కలుజు, తెలంగాణలో మత్తడి. ఏ పేరుతో పిలిచినా దాని పని ఒక్కటే. చెరువులో పట్టలేని నీటిని కట్ట మీదికి రానివ్వకుండా పక్కనుంచి పంపేయడం. మట్టి కట్టకు నీళ్లు లోపలి వైపు ఆనుకుని నిలిస్తే ఏమీ కాదు. అవే నీళ్లు కట్ట నెత్తి మీదుగా పొర్లితే గంటల్లో గండి పడుతుంది.

మీ మరవ 100 అడుగుల పొడవు అన్నారు. మన వైపు ఇలాంటి చెరువుల్లో వరద వచ్చినప్పుడు మరవ మీద మూడడుగుల ఎత్తున నీళ్లు పారేలా లెక్క వేసుకుంటారు. ఆ పైన మరో మూడడుగులు కట్ట మిగిలి ఉంటుంది. ఇప్పుడు మీరు రెండడుగుల బస్తాలు పేర్చారనుకోండి. అదే మట్టానికి నీళ్లు వచ్చేసరికి మరవ మీద పారే లోతు మూడడుగులకు బదులు ఒక్క అడుగే. చాలామంది అప్పుడు పారుదల మూడో వంతు అవుతుందనుకుంటారు. అలా ఉండదు. లోతు మూడో వంతుకు తగ్గితే పారుదల ఐదో వంతుకు పడిపోతుంది. సుమారు 1,500 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) పంపగలిగే మరవ 300 క్యూసెక్కులకే పరిమితమవుతుంది. మిగతా వరద ఎక్కడికి పోతుంది? కట్ట ఎక్కుతుంది.

"పెద్ద వరదొస్తే బస్తాలు వాటంతట అవే కొట్టుకుపోతాయి కదా" అని మీకు కచ్చితంగా చెబుతారు. నాకూ చాలామంది చెప్పారు. బస్తాల కింద టార్పాలిన్ పరుస్తారు, పైన ముళ్లకంప వేస్తారు, దానికి వరదలో వచ్చిన చెత్తా కొమ్మలూ చిక్కుకుంటాయి. అప్పుడది గోడలా నిలబడుతుంది. ఒకవేళ కొట్టుకుపోయినా, రెండడుగుల నీళ్లు ఒక్కసారిగా దిగువ చెరువు మీద పడతాయి. మన చెరువులన్నీ గొలుసుకట్టువే. మీ మరవ నీళ్లు దిగే వంక మరో ఊరి చెరువులోకే పోతుంది.

నేను ఏఈగా ఉన్న రోజుల్లో ఒక చెరువులో ఇదే జరిగింది. బస్తాలు వేసిన సంగతి మాకు తెలియదు. కట్ట తెగింది మరవ దగ్గర కాదు, అక్కడికి అర కిలోమీటరు దూరంలో. అక్కడ ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ కట్ట దాటే దారి ఉండేది. ఏళ్ల తరబడి చక్రాలు తిరిగి తిరిగి కట్ట నెత్తి అక్కడ అడుగున్నర కుంగిపోయింది. నీళ్లు ఆ పల్లం వెతుక్కున్నాయి. తెల్లారేసరికి 60 అడుగుల గండి. కింద పాలుపోసుకుంటున్న వరి మీద మోకాలి లోతు ఇసుక మేట. ఆ ఇసుక ఎత్తిపోసుకుని మళ్లీ నాట్లు వేయడానికి కొందరికి మూడేళ్లు పట్టింది.

అందుకే మీకు చెప్పే మొదటి పని ఖర్చు లేనిది. కట్ట నెత్తి ఎక్కడ కుంగిందో కనుక్కోండి. ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర నీళ్ల గొట్టం ఉంటుంది, లెవెల్ చూసేది. దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు మరవ నుంచి కట్ట పొడవునా నడిస్తే ఒక్క పూటలో తేలిపోతుంది. కుంగిన చోట గుర్తు పెట్టి, పొరలు పొరలుగా మట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టించండి. ట్రాక్టరు మట్టి దించి వదిలేస్తే సరిపోదు. వదులు మట్టి మొదటి వానకే జారిపోతుంది.

ఊట సంగతి

మట్టి కట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. ఊట లేని మట్టి కట్ట నేను చూడలేదు. కాబట్టి "ఎప్పుడూ ఉండేదే" అన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ ఎప్పుడూ ఉండే ఊట ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చెరువులో నీళ్లు పెరిగితే కొద్దిగా పెరగాలి, తగ్గితే తగ్గాలి. మీది ఏటేటా పెరుగుతోందంటున్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటే.

రేపు పొద్దున వెళ్లేటప్పుడు ఒక తెల్ల గాజు సీసా గానీ, లేబుల్ తీసేసిన వాటర్ బాటిల్ గానీ పట్టుకెళ్లండి. ఊట వస్తున్న చోట, అడుగు మట్టి కదలకుండా నెమ్మదిగా నింపండి. ఇంటికి తెచ్చి ఒక రాత్రి కదపకుండా పెట్టండి. మర్నాడు సీసా అడుగున ఏమీ లేకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు. గోరంత మందాన మట్టి పేరుకుని ఉంటే, ఆ మట్టి మీ కట్ట లోపలి నుంచి వచ్చింది. అంటే లోపల సొరంగం పడుతోంది. మేము బుంగ అంటాం. బుంగ లోపల ఎంత పెద్దదైందో బయటికి కనపడదు.

ఇంకా కొన్ని చూడాలి. ఊట కట్ట పాదం దగ్గర వస్తోందా, కట్ట ఏటవాలు మీద పైన ఎక్కడో చెమ్మ కనపడుతోందా? పైన కనపడితే ఎక్కువ ప్రమాదం. నీరు బుడబుడమంటూ ఇసుకను పైకి నెడుతోందా, దాని చుట్టూ చీమల పుట్టలా ఇసుక గుండ్రంగా పేరుకుందా? అలా ఉంటే అదే రోజు మనుషుల్ని పోగేయాలి. చెమ్మ ఎంతవరకు ఉందో అంచుల్లో చిన్న కర్రలు పాతి పెట్టండి. వారం తర్వాత కర్రలు దాటి తడి వచ్చిందో లేదో ఎవరికైనా కనపడుతుంది, వాదన ఉండదు.

ఊట తూము పక్కన వస్తోందా? మీరు ఈ మాట రాయలేదు, కానీ నాకు ముఖ్యం. మన చెరువుల్లో బుంగలు ఎక్కువగా పడేది తూము బరెలు, అంటే కట్ట లోపలుగా నీళ్లు పోయే దారి, పక్కనే. పాత రాతి తూము గోడకూ మట్టికీ మధ్య సందు ఉంటుంది. నీళ్లు ఆ సందు పట్టుకుని పోతాయి.

ఒక రాత్రి జరిగింది చెబుతాను. నవంబరు నెల, రెండు రోజులుగా ఆగని ముసురు. ఒక చెరువు తూము పక్కన నీళ్లు ఎక్కువగా వస్తున్నాయని కబురొస్తే పది గంటలకు వెళ్లాను. టార్చిలైటు వెలుగులో నాకు నీళ్లు తేటగానే కనపడ్డాయి. పక్కన ముసలి నీరుగంటి, అంటే ఊళ్లో తూము చూసి నీళ్లు పంచే మనిషి, వంగి, ఆ నీళ్లు అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో అరచెయ్యి రుద్ది చూశాడు. "సారూ, ఒండు వస్తాంది" అన్నాడు. నేనూ రుద్ది చూశాను. బియ్యప్పిండిలా మెత్తగా, సన్నగా తగిలింది. ఆ ఊళ్లో ఒకాయన ఇల్లు కట్టుకోవడానికి ఇసుక, కంకర తోలించుకుని పెట్టుకున్నాడు. లేపి అడిగితే మారు మాట్లాడకుండా ట్రాక్టరు తీశాడు. ముందు ముతక ఇసుక అడుగు మందం, దాని మీద సన్న రాతి చిప్స్, ఆ పైన 40 ఎంఎం కంకర, అన్నిటి మీదా బండరాళ్లు వేయించాం. తెల్లవారుజామున నాలుగింటికి కూడా నీళ్లు వస్తూనే ఉన్నాయి, కానీ అరచేతిలో ఏమీ తగల్లేదు. కట్ట నిలబడింది. నీళ్లు తగ్గాక వేసవిలో ఆ చోట తవ్వి చూస్తే తూము గోడ పక్కన మనిషి చెయ్యి భుజం దాకా దూరేంత సొరంగం ఉంది.

ఇలా ఇసుక, చిప్స్, కంకర పొరలుగా వేయడాన్ని రివర్స్ ఫిల్టర్ అంటారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఊట వస్తున్న చోట పొలం వైపు బంకమట్టి కొట్టి మూసేస్తారు. అప్పుడు నీరు లోపల ఆగి, కట్టలో ఒత్తిడి పెరిగి, పక్కనుంచో పైనుంచో ఇంకా బలంగా బయటపడుతుంది. గుర్తు పెట్టుకోండి: నీటి వైపు మూయాలి, పొలం వైపు వడకట్టాలి. చెరువు లోపల ఎక్కడైనా నీటి మీద చిన్న సుడి తిరుగుతుంటే బుంగ నోరు అక్కడే ఉంటుంది. అక్కడ టార్పాలిన్, గడ్డిమోపులు, మట్టి బస్తాలు వేసి మూయండి. బయటి వైపు మాత్రం నీటిని రానివ్వండి, మట్టిని ఆపండి.

కాబట్టి అక్టోబరు లోపే కట్ట దగ్గర రెండు ట్రాక్టర్ల ముతక ఇసుక, ఒక ట్రాక్టరు చిప్స్, ఒక ట్రాక్టరు కంకర, 500 ఖాళీ బస్తాలు పెట్టుకోండి. అర్ధరాత్రి వానలో వెతుక్కుంటే దొరకవు. ఆ రాత్రి మాకు దొరకడం ఆ ఇంటాయన చలవ.

ఇక మీ ఊట ఎందుకు మొదలైందో నా అంచనా చెబుతాను. పూడిక తీసిన మరుసటి ఏడే మొదలైందన్నారు కదా. జేసీబీలు కట్టకు దగ్గరగా తవ్వి ఉంటాయి. అక్కడ మట్టి మెత్తగా, మంచి ఒండ్రుగా ఉంటుంది, తోలుకోవడానికి దగ్గర, అందరికీ ఆ మట్టే కావాలి. కానీ వందల ఏళ్లుగా కట్ట పాదం దగ్గర పేరుకున్న ఆ ఒండ్రే నీటిని కిందికి దిగకుండా ఆపే పొర. దాన్ని తీసేస్తే కింద ఇసుక పొర బయటపడుతుంది, నీళ్లు కట్ట కిందుగా అవతలికి ఊరుతాయి. పూడిక తీయడం మంచి పనే. కట్ట పాదం నుంచి తగినంత దూరం వదిలి చెరువు మధ్యలో తీయాలి. మీకు శాశ్వత మందు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఉంది. నీళ్లు తగ్గాక లోపలి పాదం దగ్గర తవ్విన గుంతలు చూసి, బంకమట్టి రెండు మూడడుగుల మందాన పొరలుగా వేసి రోలింగ్ చేయించాలి. ఆ పని ఎస్టిమేటులో పెట్టమని ఇప్పుడే అర్జీ ఇవ్వండి. వేసవిలో ఇస్తే వానలొచ్చాక శాంక్షన్ అవుతుంది.

కట్ట మీద సర్కారు తుమ్మ ఉందా? చెట్టు చిన్నగా ఉన్నప్పుడే వేరుతో పీకేయండి. పెద్ద మానులను మాత్రం వానల ముందు కొట్టొద్దు. మొద్దు చచ్చాక వేరు కుళ్లి, వేరున్నంత మేరా నీళ్లకు దారి అవుతుంది. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు, చెదపుట్టలు కనపడితే తవ్వి, మంచి మట్టితో గట్టిగా కూరి పూడ్చండి. ముళ్లకంప కుక్కి పైన మట్టి చల్లితే లోపల ఖాళీ అలాగే ఉంటుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించినప్పుడు వేయించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలూ అందులో రాశారు. ఆ దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు కారడం. ఇంకొకటి, నీళ్లు తక్కువ ఉండి సాగు చేయాల్సిన భూమి ఎక్కువ ఉండటం. 650 ఏళ్ల కింద మన నేల మీదే రాతి మీద చెక్కిన మాటలివి. మీ ప్రశ్నలో ఈ రెండూ ఉన్నాయి. మొదటిది పైన చెప్పాను, ఇప్పుడు రెండోదానికి వస్తాను.

నీళ్లు ఎక్కడ పోతున్నాయి

ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచిన నీటిని ఎకరా-అడుగు అంటాం. బస్తాలు వేస్తే మీకు అదనంగా వచ్చేది 60 ఎకరాల మీద రెండడుగులు, అంటే 120 ఎకరా-అడుగులు. ఊరంతా కట్టను పణంగా పెడుతున్నది ఈ 120 కోసం.

ఇప్పుడు మీ తూము చూద్దాం. మూసినా కాలువలో నీళ్లు పారుతున్నాయన్నారు. తూము మూసి ఉన్నప్పుడు కాలువకు అడ్డంగా ఒక రేకు పెట్టి, నీళ్లన్నీ ఒకేచోట దూకేలా చేసి, కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. సెకనుకు కాస్త అటూ ఇటూగా బకెట్ నిండితే అది అర క్యూసెక్కు. చూడటానికి పిల్లకాలువలా ఉంటుంది, ఎవరికీ భయం వేయదు. కానీ అర క్యూసెక్కు 24 గంటలు పారితే ఒక ఎకరా-అడుగు. పంటకాలం 120 రోజులు. అంటే 120 ఎకరా-అడుగులు. మరవ మీద ప్రాణాలకు తెగించి పట్టాలనుకుంటున్న నీళ్లు ఎన్నో, తూము కింద ఊరికే పోతున్న నీళ్లు అన్నే. మీ లీకు ఇందులో సగమే ఉన్నా, అది 60 ఎకరా-అడుగులు.

ఆ నీళ్లు పూర్తిగా వృథా అని అనను. తూము పక్కనున్న పై పొలాల వాళ్లకు రోజంతా అందుతాయి. అందుకే వాళ్లు వరి తప్ప వేరే పంట వేయరు, తూము బాగుచేయాలని అడగరు. రాత్రిపూట ఎవరి మడికీ కట్టుకోని నీళ్లు వంకలోకి దిగిపోతాయి. చివరి రైతు వంతు వచ్చేసరికి చెరువులో నీళ్లు తూము మట్టానికి ఒక్క అడుగు పైనే ఉంటాయి.

తూము తలుపు బాగుచేయడం పెద్ద పనేమీ కాదు. చాలాచోట్ల లీకు తలుపు పలక తుప్పు పట్టడం వల్లో, రబ్బరు సీలు పోవడం వల్లో, అడుగున రాయి ఇరుక్కోవడం వల్లో వస్తుంది. స్క్రూ రాడ్ వంగిపోయి తలుపు పూర్తిగా దిగకపోవడం ఇంకో కారణం. స్క్రూకు ఏటా గ్రీజు పెడితే చాలావరకు తగ్గుతుంది. కానీ నీళ్లలో మనిషిని దింపి తూము దగ్గర పని చేయించొద్దు. తూము లాగేస్తుంది. ప్రాణం పోయిన సంఘటన నాకు తెలుసు. లోపల పని నీళ్లు తగ్గాకే. ఈ సీజన్‌కు బయటి వైపు తూము నోటి దగ్గర చెక్క పలకతో నియంత్రిద్దామని అనిపిస్తుంది, అదీ వద్దు. బరెలు నిండి ఒత్తిడి పెరిగితే పక్క సందుల్లోంచి నీళ్లు కట్టలోకి వెళతాయి. లీకు నీటిని ఈ ఏడాదికి కాలువలోనే పట్టుకుని, వంతుల ప్రకారం చివరికి నడిపించండి.

చెరువులో ఎన్ని నీళ్లు పడతాయో కూడా లెక్క వేసుకోవాలి. మీ కొలతలను బట్టి మరవ మట్టానికి గరిష్ఠ లోతు 16 అడుగులు. చెరువు అడుగు గిన్నెలా ఉంటుంది కాబట్టి 60 ఎకరాలు, 16 అడుగులు గుణించి అందులో 40 శాతం తీసుకుంటే సుమారు 380 ఎకరా-అడుగులు. ఎండకు ఆవిరయ్యేది 70 దాకా తీసేయండి, 310 మిగిలింది. వరికి తూము దగ్గర లెక్కలో ఎకరానికి నాలుగడుగులు కావాలి. మొత్తం వరే వేస్తే 78 ఎకరాలకు మించి పారదు. మీ ఆయకట్టు 140. మిగతా వాళ్లు ఎండబెట్టుకోవాల్సిందే. అదే వేరుశనగ, పెసర, కూరగాయల్లాంటి ఆరుతడి పంటలకు రెండడుగులు చాలు. 45 ఎకరాల వరి, 65 ఎకరాల ఆరుతడి అంటే 310. ఇప్పుడు 110 ఎకరాలు పండుతాయి. మధ్యలో మంచి వాన పడి చెరువు మళ్లీ నిండితే మిగతావీ పండుతాయి.

ఈ లెక్క నాట్లు పడ్డాక చెబితే ఎవరూ వినరు. నాట్లకు ముందే, చెరువులో నీళ్లు చూసి, ఊళ్లో కూర్చుని తేల్చుకోవాలి. తూము గోడ మీద అడుగులు, అంగుళాలు రంగుతో గీయించండి. ఏ గీతకు ఎన్ని నీళ్లో పంచాయతీ గోడ మీద రాయించండి. నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టి ఈ పని చేయించండి. 1997 చట్టం సంఘాలను పెట్టిందే నీళ్ల పంపకం, తూముల కాలువల నిర్వహణ రైతులే చూసుకోవాలని.

వంతులు కింది నుంచి పైకి పెట్టండి. చివరి మడి తడిశాకే దాని పైమడి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఈ పద్ధతి పెట్టడానికి మూడు మీటింగులు పట్టాయి. పైరైతు ఒకాయన గట్టిగా ఎదురు తిరిగాడు. ఆయన మడిలో ఎప్పుడూ జానెడు నీళ్లు నిలిచి ఉండేవి. చివరికి ఒక పనిచేశాం. అడుగు పొడవు పీవీసీ పైపుకు చుట్టూ రంధ్రాలు పెట్టి, సగానికి పైగా మట్టిలో దిగేలా ఆయన మడిలోనే ఒక మూల పాతాం. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగే దాకా తడి ఇవ్వలేదు. దిగాక రెండంగుళాలు కట్టాం. పూత దశలో మాత్రం నీళ్లు నిలిపే ఉంచాం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే ఇది, నీటి వాడకం 30 శాతం దాకా తగ్గుతుంది. ఆయన మడిలో దిగుబడి తగ్గలేదు. మరుసటి ఏడు ఆయనే పక్క మళ్ల వాళ్లకు పైపులు కోసి ఇచ్చాడు.

నీరుగంటికి ఊరు ధాన్యం కొలిచే రోజుల్లో తూము తాళం ఆయన దగ్గరే ఉండేది, ఎవరు బతిమాలినా రాత్రిపూట తీసేవాడు కాదు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఎవరికి కావాలంటే వాళ్లు తూము ఎత్తుకుంటున్నారు. ఎకరానికి కొంత వేసుకుని ఒక మనిషిని పెట్టుకోండి. చివరి పొలాల రైతు ఇంటి మనిషైతే ఇంకా మంచిది.

పైన ఏముందో కూడా చూసుకోండి

వాన రాత్రి తూము ఎత్తి చెరువును తగ్గిద్దామనుకుంటే కుదరదు. మీ తూము పది క్యూసెక్కులు పంపుతుందనుకున్నా రోజంతా పారితే చెరువు దిగేది నాలుగంగుళాలు. పరీవాహకం నాలుగు చదరపు మైళ్లున్న చెరువులోకి, కురిసిన వానలో ఒక్క అంగుళం పారి వచ్చినా మట్టం మూడున్నర అడుగులు పెరుగుతుంది. ఊట మట్టి తెస్తుంటే చెరువును తగ్గించడం వానకు వారం ముందే మొదలుపెట్టాలి. ఈ ఏడు రెండు మూడడుగులు తక్కువ పట్టుకున్నా ఫర్వాలేదు.

రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు 19, తెల్లవారుజాము. పైన పింఛా ప్రాజెక్టు దగ్గర కట్ట తెగింది, ఆ నీళ్లూ చెయ్యేరు వరదా కలిసి అన్నమయ్య మీద పడ్డాయి. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు నిద్రలో ఉన్నాయి. నేను తర్వాత ఆ ఊళ్లకు వెళ్లాను. ఇళ్లు ఉన్న చోట ఇసుక దిబ్బలు ఉన్నాయి. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు చైన్ తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు అనంతపురం, కర్నూలు రైతులు వారం రోజులు టెన్షన్‌తో గడిపారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు అడ్డంగా పెట్టే ఇనుప పలక, దింపి మిగతా నీళ్లు కాపాడింది. 33 గేట్లున్న డ్యామ్‌లో ఒక్క చైన్ అంత పని చేసింది.

పెద్ద డ్యాములకు 2021లో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది. వానలకు ముందూ తర్వాతా తప్పనిసరిగా తనిఖీ చేయాలని అందులో ఉంది. కానీ అది 15 మీటర్ల పైబడిన వాటికీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు లోబడిన వాటికీ. మీ కట్ట 22 అడుగులు, ఏడు మీటర్లు కూడా లేదు. ఆ తనిఖీ మీ ఊరే చేసుకోవాలి.

మీ పైన ఎన్ని చెరువులున్నాయి, ప్రతి ఊళ్లో ఒకరి ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా? దిగువ ఊళ్లో వాళ్ల దగ్గర మీ నంబరు ఉందా? వాన రాత్రి పై చెరువు మరవ ఎంత ఎత్తున పారుతోందో తెలిస్తే మీకు ఒకటి రెండు గంటల వ్యవధి దొరుకుతుంది. కట్ట మీద ఇద్దరిద్దరుగా రాత్రి కాపలా పెట్టండి. ఊట దగ్గర ఇళ్లుంటే ఆ రాత్రికి బడికి మార్చండి. గండి పడే సూచన కనపడితే కట్ట మీదికి ఎవర్నీ ఎక్కనివ్వొద్దు. చూడటానికి వెళ్లిన వాళ్లే ముందు పోతారు.

అర్జీ రాసేటప్పుడు "మా చెరువు ప్రమాదంలో ఉంది, కాపాడండి" అని రాస్తే అది ఫైల్లో పడుతుంది. "తూముకు తూర్పున 40 మీటర్ల దూరంలో ఊట, ఫలానా తేదీన నిమిషానికి ఇన్ని లీటర్లు, పది రోజుల తర్వాత ఇన్ని లీటర్లు, సీసా అడుగున మట్టి కనపడింది, ఫోటోలు జతచేశాం" అని రాయండి. కొలత చేతికి అందాక ఏ ఇంజినీరూ చూడకుండా వదిలేయలేడు. ఒక కాపీ తహసీల్దారుకు కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

మీరు వారం రోజులు రోజూ ఒకే వేళకు మూడు అంకెలు రాసి పెట్టండి: చెరువు మట్టం, ఊట బకెట్ ఎన్ని సెకన్లలో నిండింది, తూము లీకు బకెట్ ఎన్ని సెకన్లలో నిండింది. వాటితోపాటు ఊట తూముకు ఏ వైపు, ఎంత దూరంలో ఉందో కూడా ఇక్కడే రాయండి. చూసి, ఫిల్టరు ఎంత పొడవు వేయాలో, ఏ మట్టం దగ్గర చెరువును ఆపాలో చెబుతాను. సీసా అడుగున మట్టి కనపడితే మాత్రం వారం ఆగొద్దు, నా సమాధానం కోసం కూడా ఆగొద్దు, ఇసుక ట్రాక్టరు తెప్పించండి.